ఓడకున్న గీత బండికేది

విశాఖ పోర్టులో జెట్టీకి కట్టిన ఓడను దగ్గరగా చూసినవాళ్ళకు తెలుసు. దాని పొట్ట మీద, సరిగ్గా నడుమ, ఒక గుండ్రటి సున్నా, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత ఉంటాయి. పక్కనే నిచ్చెన మెట్లలా ఇంకొన్ని చిన్న గీతలు. మంచినీళ్ళలో ఎంతవరకు మునగొచ్చు, ఉప్పునీళ్ళలో ఎంత, వేసవిలో ఎంత, చలికాలంలో ఎంత అని చెప్పే గీతలవి. సరుకు పడేకొద్దీ ఓడ అంగుళం అంగుళం దిగుతుంది. గీత నీళ్ళను తాకిందంటే లోడింగ్ ఆగిపోవాలి. లోపల ఇంకా చోటుందని సరుకుదారు ఎంత మొత్తుకున్నా ఆగాల్సిందే.

ఆ గీత కోసం ఒక మనిషి ఏళ్ళ తరబడి పోట్లాడాడు. ఆయన పేరు శామ్యూల్ ప్లిమ్‌సోల్. ఇంగ్లండులో బొగ్గు వర్తకుడు, డెర్బీ నుంచి పార్లమెంటు సభ్యుడు. ఆ రోజుల్లో కొందరు ఓనర్లు పాత ఓడలకు మోయలేనంత సరుకు ఎక్కించి, విలువకు మించి బీమా చేయించి సముద్రం మీదికి తోలేవారు. ఒడ్డు చేరితే కిరాయి, మునిగితే బీమా. ప్రాణం పోయేది మాత్రం కళాసీలది. వాటిని శవపేటిక ఓడలు అన్నారు. ప్లిమ్‌సోల్ 1873లో దీని మీద పుస్తకం రాశాడు. 1875లో నిండు సభలో కోపం పట్టలేక తోటి సభ్యుల మీదే విరుచుకుపడ్డాడు. 1876లో చట్టం వచ్చింది. అప్పుడు కూడా గీత ఎక్కడ గీసుకోవాలన్నది ఓనర్ల ఇష్టానికే వదిలేశారు. ఆ చోటును కూడా చట్టమే నిర్ణయించడానికి 1890 దాకా పట్టింది.

ఇప్పుడు పోర్టు గేటు దాటి కాన్వెంట్ జంక్షన్ వైపు రండి. లేదా సింధియా, మల్కాపురం మీదుగా గాజువాక రండి. ఐసు పెట్టెలు, సిమెంటు బస్తాలు, ఇనుప చువ్వలు వేసుకుని పికప్‌లు వరసగా పోతుంటాయి. వాటికీ ఒక గీత ఉంది. చాలా బండ్లకు క్యాబిన్ పక్కన పెయింటుతో యూఎల్‌డబ్ల్యూ, ఆర్‌ఎల్‌డబ్ల్యూ అని రెండు అంకెలు రాసి ఉంటాయి. మొదటిది ఖాళీ బండి బరువు. రెండోది బండి, సరుకు, మనుషులు, డీజిల్ అన్నీ కలిపి మించకూడని బరువు. ఆ రెండో అంకే బండికి గీత. పాత బండిని అమ్మకానికి పెట్టేముందు రంగు కొట్టిస్తారు చూడండి, అప్పుడు ముందుగా చెరిగిపోయేది ఆ అంకెలే.

మా మేనల్లుడు పోయిన ఏడాది ఒక సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ చూశాడు. "నువ్వోసారి వచ్చి చూడు మావయ్యా" అంటే గాజువాక ఆటోనగర్ వైపు వెళ్ళాం. ఆరేళ్ళ బండి. కొత్త రంగు, కొత్త టార్పాలిన్, అద్దం మీద దేవుడి స్టిక్కరు. పాత బండ్లు అమ్మే కన్సల్టెన్సీ ఆయన బండి చుట్టూ తిప్పి చూపిస్తూ గర్వంగా చెప్పాడు. "ఎక్స్‌ట్రా కమాన్లు వేయించాం సార్. పక్కలు అడుగు లేపించాం. రెండు టన్నులు పెట్టండి, కూర్చోమన్నా కూర్చోదు." మావాడి కళ్ళు మెరిశాయి. రెండు టన్నులంటే ట్రిప్పుకి ఎంత మిగులుతుందో అప్పటికే మనసులో లెక్కేసేసుకున్నాడు. తప్పు పట్టలేను. ఈఎంఐ కట్టాల్సినవాడు వాడు.

నేను బండి కిందికి వంగి చూశాను. వెనక కమాన్ల కట్టలో పాత పట్టీలు తుప్పు రంగులో ఉన్నాయి, వాటి మీద రెండు కొత్త పట్టీలు నల్లగా మెరుస్తున్నాయి. కట్ట లావెక్కింది కాబట్టి యూ బోల్టులు పొడుగువి వేశారు. చాసీకి ఒకచోట జానెడు పొడవున వెల్డింగ్ మచ్చ, దాని మీద పెయింటు పూత. బ్రేకు డ్రమ్ములు మాత్రం కంపెనీ ఇచ్చినవే. ఇరుసు, బేరింగులు, చక్రం బోల్టులు, అన్నీ కంపెనీవే.

కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, పట్టీలు వేసే మెకానిక్కులు అందరూ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సింది ఇక్కడే. కమాన్లు పెంచితే బండి కుంగదు. అంతవరకే. కుంగడం అనేది బండి మనకు చెప్పే మాట. చాలు, ఇంక వేయకు అని అది తన ఒళ్ళు వంచి చెబుతుంది. మనం పట్టీలు వేసి దాని నోరు నొక్కేస్తున్నాం. బరువు తగ్గలేదు. ఇరుసు మీద, టైర్ల మీద, బ్రేకుల మీద అంత బరువూ అలాగే ఉంది, కంటికి కనిపించకుండా పోయింది, అంతే. బరువు రెట్టింపైతే అదే వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడీ రెట్టింపవుతుంది. గాజువాక మెయిన్ రోడ్డులో అది తెలియకపోవచ్చు. అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు, పాడేరు నుంచి మలుపు మీద మలుపు తిరుగుతూ వచ్చేటప్పుడు తెలుస్తుంది. డ్రమ్ములు కాగి, లైనర్లు పట్టు వదిలేసి, పెడల్ నేలదాకా వెళ్ళిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. లాగడం ఇంజను పని, ఆపడం బ్రేకుల పని. సెకండ్‌హ్యాండ్ బండి దగ్గర నిలబడి మనమందరం అడిగేది ఎంత మోస్తుందనే. ఎంత బరువుతో ఆగుతుంది అని అడిగినవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు.

ఆ రోజు ఆర్సీ తీయమన్నాను. లోడుతో కలిపి 2,990 కిలోలు, ఖాళీ బరువు 1,690. తీసేస్తే 1,300. కాగితం మీద అది 1,300 కిలోల బండి, కన్సల్టెన్సీ ఆయన రెండు వేలు పెట్టమంటున్నాడు. పక్కనే ఉన్న కాటాకి పోనిద్దాం అన్నాను. మన పెద్దవాళ్ళు దాన్ని ధర్మకాటా అనేవారు. ఇప్పటికీ కొన్ని బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. ఖాళీ బండి ఎక్కిస్తే చీటీ మీద 1,940 వచ్చింది. లేపించిన పక్కలు, దళసరి రేకు, ముందు గార్డు, ఇనుప టూల్ బాక్సు, కమాన్లు, అన్నీ కలిసి 250 కిలోలు. సరుకు ఒక్క కిలో ఎక్కకముందే 250 కిలోల బరువు ఎక్కి కూర్చుంది. మిగిలింది 1,050. డ్రైవరూ, కళాసీ ఎక్కితే ఇంకో 140 పోతుంది. 910. బండిని ఎక్కువ మోసేలా చేశామనుకున్నారు, న్యాయంగా మోయగలిగింది తగ్గిపోయింది. మావాడు ఆ చీటీని రెండుసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

బండి కొనేవాళ్ళెవరైనా ఈ పని చేయండి. కాటా మీద బండిని మొత్తంగా ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూయించండి. ముందు ఇరుసుకి ఎంత, వెనక ఇరుసుకి ఎంత అన్నది ఆర్సీ వివరాల్లో ఉంటుంది. టైరు పక్క గోడ మీద సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది. అక్కడ 100 అని ఉంటే ఆ టైరు గాలి సరిగా ఉన్నప్పుడు 800 కిలోలు మోస్తుంది, 112 అని ఉంటే 1,120 కిలోలు. చూడటానికి ఒకేలా ఉన్న రెండు టైర్ల మధ్య అంత తేడా. తక్కువ ధరకు దొరికిందని కారు టైరు తగిలించిన పికప్‌లు కూడా ఉంటాయి. వంగి చదవండి.

మన ఊరు ఇనుము ఊరు. ఎంతోమంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఉక్కు ఫ్యాక్టరీ ఊరు. ఇనుము చేసే మోసం మనకంటే బాగా ఇంకెవరికి తెలియాలి? ఒక ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగుతుంది. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పున్న తొట్టిలో ఉక్కు రేకుని పరిచి 1,700 కిలోలు చేయాలంటే ఎంత మందం కావాలి? రెండు అంగుళాలు కూడా అక్కర్లేదు. పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ మీటరుకి 0.888 కిలో. పన్నెండు మీటర్ల పూర్తి చువ్వ పది కిలోల పైమాటే. నూట అరవై చువ్వలు పడితే 1,700 దాటింది. తొట్టి మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది. గడ్డి వేసిన బండిని చూసి అమ్మో అంటాం. ఇనుము వేసిన బండిని చూసి ఇంకో కట్ట పడుతుందిలే అంటాం. పైగా పొడుగు చువ్వలు ఇరుసు దాటి వెనక్కి వేలాడితే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ తిప్పిన చోట తిరగదు.

ఒక సంగతి నేనూ ఒప్పుకోవాలి. 2011 వేసవిలో పెందుర్తిలో ఇల్లు కట్టుకుంటున్నాను. శ్లాబుకి చువ్వలు గాజువాకలో కొన్నాను, అక్కడే ఇరవై బస్తాల సిమెంటు కూడా చవగ్గా దొరికింది. బండి డ్రైవరు, నాకంటే చిన్నవాడు, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని "రెండు ట్రిప్పులు వేద్దాం సార్" అన్నాడు. రెండో ట్రిప్పుకి ఏడు వందలు. "ఏం కాదులే, నెమ్మదిగా పోనీ" అన్నాను నేను. గోపాలపట్నం దాటాక వెనక ఎడమ టైరు పేలింది. బండి ఒక పక్కకి ఒరిగిపోయి చువ్వల కట్ట జారింది. చువ్వల కొసలు తారు మీద రాసుకుంటూ నిప్పురవ్వలు లేచాయి. వెనకనే స్కూటీ మీద ఒకావిడ, ముందు చిన్న పిల్ల నిలబడి ఉంది. నాలుగు గజాల దూరంలో ఆగిపోయింది. ఆవిడ అరవలేదు, నన్నేమీ అనలేదు. పిల్లను దింపి ఒళ్ళో కూర్చోబెట్టుకుని రోడ్డు పక్కన అలాగే ఉండిపోయింది. డ్రైవరు చేతులు చాలాసేపు వణికాయి. కొత్త టైరుకి నేను సగం డబ్బు ఇచ్చాను. ఆ సగం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ఓవర్‌లోడు అనగానే డ్రైవర్ని, ఓనర్ని తిట్టేసి ఊరుకుంటే నాకు నచ్చదు. "ఏం కాదులే" అన్న మాట ఆ రోజు డ్రైవరు అనలేదు, నేనన్నాను. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి చిన్న సరుకు బండి మన దగ్గర ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగిస్తోంది. లోడుతో కలిపి 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. కారు నడిపే లైసెన్సుతోనే 7,500 కిలోల దాకా రవాణా బండిని నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మంచిదే, బతుకుతెరువు తలుపులు తెరిచి ఉండాలి. కానీ తలుపు తెరిచి ఉన్నచోట కాపలా కాయాల్సింది మన మనసే. ఒకడు న్యాయంగా వెయ్యి కిలోలే వేస్తానంటే పక్కవాడు అదే కిరాయికి రెండు వేలు వేస్తానని ముందుకొస్తాడు. సరుకు మనది కాబట్టి మనం రెండోవాణ్ణి పిలుస్తాం. మొదటివాడు రెండు నెలలు ఓర్చుకుంటాడు, మూడో నెల తనూ వెళ్ళి కమాన్లు వేయించుకుంటాడు. వాణ్ణి అలా చేసింది ఎవరు?

చట్టం ఈ మాట మనకంటే సూటిగా చెప్పింది. మోటారు వాహనాల చట్టంలో ఓవర్‌లోడుకి శిక్ష చెప్పే 194వ సెక్షను నడిపినవాడి దగ్గర ఆగలేదు. నడిపించినవాణ్ణి, నడపనిచ్చినవాణ్ణి కూడా కలిపింది. 2019 సెప్టెంబరు 1 నుంచి జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000, ఆ ఎక్కువ సరుకు దింపే ఖర్చు కూడా వాళ్ళదే. డ్రైవరు నడిపినా ఓనరుకు తెలిసే జరిగిందని కోర్టు భావించవచ్చని 113వ సెక్షను చెబుతోంది. జరిమానా కట్టేసి అదే లోడుతో ముందుకు పోతానంటే కుదరదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదని 52వ సెక్షను అంటుంది. ఇవన్నీ కాగితం మీద బలంగానే ఉన్నాయి. రాత్రి పదకొండింటికి లోడు ఎక్కేచోట బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఉండడు. అక్కడుండేది మనమే.

రోడ్డు సంగతి కూడా ఒక్క ముక్క. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పరీక్ష కోసమే రోడ్లు వేసి వాటి మీద రకరకాల బరువులతో లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లని తేలింది. వానాకాలం రాగానే గుంతలని తిట్టుకునే మనం, ఆ గుంతల్లో కొన్ని మన ఇళ్ళకు వచ్చిన ఇసుకా, ఇటుకా తవ్వినవేనని గుర్తుపెట్టుకోవాలి.

ఇక మనుషులు. 2024 సెప్టెంబరు 10 రాత్రి తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాల మినీ లారీ బోల్తా పడింది. బస్తాల కింద పడి ఏడుగురు కూలీలు ఊపిరాడక చనిపోయారు. 2025 జూలై 13న అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలంలో మామిడికాయల లారీ చెరువు కట్ట మీద తిరగబడింది. కాయలు కోసి, ఎక్కించి, వాటి మీదే ఇంటికి బయల్దేరిన కూలీల్లో తొమ్మిది మంది పోయారు. పొద్దుటి నుంచి తమ చేత్తో మోసిన సరుకే తమ మీద పడింది. సరుకు మీద ఎక్కి కూర్చున్న మనిషికి ఆర్సీలో లెక్క లేదు, కిరాయిలో లెక్క లేదు, పట్టుకోవడానికి తాడు తప్ప ఏమీ లేదు. సంత రోజుల్లో ఏజెన్సీ నుంచి దిగే బండ్ల మీద తల్లులు పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని అల్లం బస్తాల మీద కూర్చుని వస్తుంటే మనం ఫొటో తీస్తాం, ఆపం.

ఆటోనగర్ మెకానిక్ అన్నలకు ఒక మనవి. మీ చేతికి తెలియంది లేదు. పట్టీ వేయమని వచ్చినవాడికి, పట్టీతోపాటు బ్రేకు పెరగదని ఒక్కసారి మీ నోటితో చెప్పండి. మీరు చెబితే వింటారు, నేను చెబితే వినరు. చాసీ మీద వెల్డింగ్ చేసి దాని మీద రంగు పూయకండి. కొనేవాడి కంటికి అది కనిపించనివ్వండి. కన్సల్టెన్సీ నడిపేవాళ్ళు బండి పక్కన ఆర్సీతోపాటు ఖాళీ బండి కాటా చీటీ కూడా పెడితే ఒక్క బేరం పోవచ్చు, ఊరంతా మీ మాట నమ్ముతుంది. స్టాండులో ఉండే బండ్లవాళ్ళు ఒకసారి కూర్చుని, గీత దాటి ఎవరూ వేయం అని అందరూ ఒకేరోజు అంటే, పక్కవాడు ఎత్తుకుపోతాడన్న భయం ఆ రోజే పోతుంది. ఒక్కడు అంటే ఆకలి, అందరూ అంటే న్యాయమైన కిరాయి. ఇల్లు కట్టుకునేవాళ్ళు, సరుకు అమ్మేవాళ్ళు, ఆ రెండో ట్రిప్పు డబ్బులు ఇవ్వండి. నేను ఆ రోజు మిగుల్చుకున్న ఏడు వందలు ఒక పిల్ల కాళ్ళ మీదుగా పోబోయాయి. నా దగ్గర అంతకంటే పెద్ద కారణం లేదు.

మావాడు ఆ బండినే కొన్నాడు, కాని వేరే బేరానికి. లేపించిన పక్కలు కోయించాడు, ఎక్స్‌ట్రా పట్టీలు విప్పించాడు, గార్డు తీయించాడు. ఆ ఖర్చు ధరలో తగ్గించమంటే కన్సల్టెన్సీ ఆయన కొంత గొణిగి ఒప్పుకున్నాడు. వెల్డింగ్ ఉన్నచోట చాసీని ఇంకో మెకానిక్ చేత చూపించాం. డ్రమ్ములు విప్పి లైనర్లు మార్పించాడు. మళ్ళీ కాటా ఎక్కిస్తే 1,720 వచ్చింది. చీటీని మడిచి ఆర్సీ కవర్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం అదే వీధిలో నంబరు ప్లేట్లు రాసే ముసలాయన దగ్గరికి వెళ్ళాం. ఆయన తలుపు పక్కన గుడ్డతో తుడిచి, సుద్దముక్కతో రెండు అడ్డగీతలు గీసుకుని, తెల్లరంగు డబ్బాలో కుంచె ముంచాడు. "ఏటి రాయాల బావు?" అని అడిగాడు. వాడు ఆర్సీ తెరిచి, ఒక్కొక్క అంకే పైకి చదివాడు. ఆయన రాశాడు. రంగు ఆరేదాకా తలుపు ముట్టుకోవద్దన్నాడు. మేమిద్దరం అక్కడే బల్ల మీద కూర్చున్నాం.